పన్నెండే అన్నాడు ఒడిలోన్

మా కాంపింగులో ఎవరి బస్సులో కుళాయి దగ్గినా ముందు వినిపించే మాట ఒకటే: ఒడిలోన్‌ని పిలవండి.

నేనూ, మా ఆయన ఆరీ కలిసి సముద్రం పక్కనున్న ఈ మైదానాన్ని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్నాం. పాత బస్సులు కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, స్నానాలగది పెట్టుకుని ఇళ్ళుగా మార్చుకున్నవాళ్ళు ఇక్కడికి వస్తారు. కొండల మీద మంచు పడే నెలల్లో దిగివచ్చి, ఎండలు ముదిరితే వెళ్ళిపోతారు. కొందరు వెళ్ళరు. ఒడిలోన్ క్రెట్సర్, ఆయన భార్య జుల్మా అలా వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళే. ఒడిలోన్ లాజిస్ ఊళ్ళో ఒక బస్సు కంపెనీ షెడ్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. తను ఏళ్ళ తరబడి మరమ్మతు చేసిన బస్సునే కొనుక్కుని, దాన్నే ఇల్లు చేసుకున్నాడు.

ఇంటిబస్సులో నీళ్ళ మోటారు ఆగిపోతే కొంప మునిగినట్టే. నేల కింద ట్యాంకు నిండా నీళ్ళుంటాయి, వంటగది కుళాయిలో మాత్రం చుక్క రాదు. ఒడిలోన్ వచ్చి చెక్కల నేల మీద బోర్లా పడుకుని, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ కాసేపూ ఎవ్వరం మాట్లాడేవాళ్ళం కాదు. తర్వాత లేచి, ఇంటివాళ్ళని కూడా బయటికి పంపి, తలుపు మూసుకునేవాడు. కాసేపటికి లోపల నీళ్ళ చప్పుడు వినపడేది. ఏమైందని అడిగితే, నీళ్ళొస్తున్నాయిగా, ఇంకేం కావాలి అనేవాడు. గాలి పట్టిందా, వాషరు పోయిందా, వైరు వదులైందా అన్నది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

పనికి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఆయనకి కావలసింది వేరే. ఆదివారాలు మా ఆయన నిప్పుల మీద పక్కటెముకల మాంసం కాల్చి కోసేటప్పుడు మొదటి ముక్క ఒడిలోన్‌కి వెళ్ళాలి. మాతె ఆకు కషాయం తాగే సొరబుర్ర చేతులు మారేటప్పుడు మొదటి వంతు ఆయనది కావాలి. ఎవరైనా ఎదురుగా పొగిడితే విననట్టు సముద్రం వైపు చూసేవాడు. ఇంటికెళ్ళాక ఆ మాటల్నే మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవాడని జుల్మా నాతో నవ్వుతూ అనేది.

ఆమె చెప్పినవే ఇంకొన్ని ఉన్నాయి. ఒడిలోన్ తండ్రికి కొండల్లో కోతమిల్లు ఉండేదట. పెద్దకొడుకు రంపం దగ్గర, ఒడిలోన్ రంపపు పొట్టు దగ్గర. వచ్చినవాళ్ళకి తండ్రి పెద్దవాణ్ణి చూపించి నా కుడిచెయ్యి అనేవాడట. ఎడమచెయ్యి అని కూడా ఒడిలోన్‌ని అనలేదు. తర్వాత బస్సుల షెడ్డులో మేస్త్రీ ఉద్యోగం తనకే వస్తుందని కాచుకుని ఉంటే, తను పని నేర్పిన కుర్రాడికి ఇచ్చారు. జ్వరమని ఇంట్లో ముసుగు పెట్టి పడుకున్నాడట. నుదురు ముట్టుకుని చూశాను, చల్లగా ఉంది అంది జుల్మా. పక్కవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే తన కంచంలోంచి ఎవరో ముద్ద ఎత్తుకుపోయినట్టు ఉంటుంది ఈ మనిషికి, అని కూడా అంది.

అలాంటి మనిషికి మా మైదానం రాజ్యంలా దొరికింది. ఆ రాజ్యంలోకి మార్లీజీ వచ్చింది.

ఒక వానరోజు చిన్న తెల్లటి వ్యాను నడుపుకుంటూ ఒంటరిగా వచ్చింది. యాభై దాటిన మనిషి. కత్తిరించిన నెరిసిన జుట్టు, మోచేతి మీద పాత కాలిన మచ్చ, మైదానం అవతలికి వినిపించే నవ్వు. ఇతజయి రేవులో చేపల పడవలు బాగుచేసే షెడ్డులో బతుకంతా పనిచేసిందట. పడవ అడుగున చేరే నీళ్ళని తోడిపోసే మోటార్లూ, మన కుళాయిలకి నీళ్ళు తోసే మోటార్లూ దాయాదుల్లాంటివే. తల్లి పోయాక ఇల్లు అమ్మేసి, వ్యానునే ఇల్లుగా కట్టుకుని తిరుగుతోంది.

ఆమె వచ్చిన మర్నాడే అవతలి వరుసలో ఒకామె కుళాయి ఆగిపోయింది. ఒడిలోన్ గాలం పట్టుకుని రాళ్ళ మీదికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా ఆగడమెందుకని మార్లీజీ తన పనిముట్ల సంచి తెచ్చింది. తలుపు బార్లా తెరిచిపెట్టి పని మొదలుపెడితే, చూడ్డానికి ఆడవాళ్ళు చేరారు. నేనూ వెళ్ళాను. ఆమె మోటారు ముందున్న చిన్న జాలీ విప్పి చేత్తో పట్టుకుని చూపించింది.

“ఇదిగో, ఇసక. మోటారు బాగానే ఉంది. ముక్కుకి జలుబు చేసిందంతే. ఈ మూత ఇలా తిప్పండి, కడగండి, పెట్టేయండి. ఇంకోసారి నన్ను కూడా పిలవక్కర్లేదు.”

అందరం నవ్వాం. ప్రతివాళ్ళూ ఒకసారి ఆ మూత విప్పి పెట్టి చూశారు. ఒడిలోన్ చేపల బుట్టతో తిరిగి వచ్చేసరికి ఆ బస్సులో కుళాయి ధారగా పారుతోంది. ఎవరు చేశారని అడిగాడు. జుల్మా చెప్పింది. ఆయన కూర్చుని చేప పొలుసు గీకడం మొదలుపెట్టి, తోలు కూడా గీకేశాడు.

ఆ రోజు నుంచి ఆయనకి నిద్రా తిండీ సరిగా లేవు. మడతకుర్చీని బస్సు గుమ్మం ముందు వేసుకుని, మైదానం దాటి వచ్చే ఎవరికైనా తను ఖాళీగా ఉన్నానని తెలిసేలా కూర్చునేవాడు. ఎవరైనా తడిసిన గుడ్డ చేతిలో పట్టుకుని నడుస్తుంటే ఎటు తిరుగుతారా అని చూసేవాడు. వాళ్ళు తెల్లవ్యాను వైపు తిరిగితే చూపు దించుకునేవాడు. అన్నం తింటున్నప్పుడు మార్లీజీ నవ్వు వినిపిస్తే నోట్లో ముద్ద నమలడం ఆగిపోయేదట.

మా ఆయనతో మాత్రం తేలిగ్గా తీసిపారేసేవాడు.

“పడవలోంచి నీళ్ళు బయటికి పారబోసే మనిషికి, ఇంట్లోకి నీళ్ళు తేవడం ఏం తెలుస్తుంది, ఆరీ?”

మార్లీజీ అందరికీ అరటిపండ్ల రొట్టె చేసి పంపింది. ఒడిలోన్ దాన్ని కుక్కలకి వెయ్యమన్నాడు. జుల్మా ఆయన ఎదురుగానే కూర్చుని మొత్తం తినేసి, బాగుంది, కుళ్ళు కలపకుండా తింటే ఇంకా బాగుంటుంది అంది. ఒకసారి మార్లీజీ తనంతట తను వచ్చి, ఆయన బస్సులో వైర్లు ఎంత పొందిగ్గా కట్టి ఉన్నాయో చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. తనని వెక్కిరించడానికే వచ్చిందని ఒడిలోన్ నమ్మాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మా ఆయన కొట్టాడు, తెలియకుండానే. ఒక ఆదివారం పొద్దున్నే మా స్నానాలగదుల మోటారు బాగుచేసి పెట్టిందని, మాంసం కోస్తూ మొదటి ముక్క మార్లీజీ పళ్ళెంలో వేశాడు. నేను ఒడిలోన్ మొహం చూశాను. ఆయన నవ్వాడు. రెండో ముక్క అందుకుని, బాగా కాలిందని కూడా అన్నాడు. కాసేపటికి పళ్ళెం కుర్చీ కిందికి జరిపి కుక్కని పిలిచాడు.

ఇక్కడ ఇరాసి సంగతి చెప్పాలి. ఆమెనూ ఆమె భర్త అల్సీదిస్‌నూ మైదానంలో అందరం పెద్దవాళ్ళుగా చూసేవాళ్ళం. వాళ్ళ పొడుగుపాటి నీలం బస్సులో వైరింగంతా ఒడిలోన్ చేతిపని. అప్పుడు అల్సీదిస్ దిట్టంగా ఉండేవాడు. నెలరోజులు ఇద్దరూ కలిసి పనిచేశారు. ఒకరు వైరు లాగుతుంటే ఒకరు పానా అందిస్తూ, పాటలు పాడుకుంటూ. తర్వాత అల్సీదిస్‌కి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. బస్సు వెనకభాగంలో మంచం మీదే ఉండేవాడు. ఇరాసి రోజూ గోరువెచ్చటి నీళ్ళతో ఆయన్ని తుడిచి, బట్టలు మార్చేది. ఆ ఇంట్లో నీళ్ళు ఆగడమంటే మామూలు ఇబ్బంది కాదు.

ఆ బస్సులో ఒక మెలిక ఉంది. పెద్ద బస్సులన్నిటిలాగే దానికీ రెండు బ్యాటరీలు కలిపి ఇరవై నాలుగు వోల్టులు. ఇంట్లో దీపాలకి పన్నెండే కావాలి కాబట్టి, ఒడిలోన్ మధ్యలో వోల్టులు తగ్గించే పెట్టె ఒకటి పెట్టాడు. నీళ్ళ మోటారు మాత్రం ఒక పాత లారీ సామాన్లలో దొరికింది. అది ఇరవై నాలుగుకి నడిచేది. అందుకని దాని వైరుని పెట్టెతో పనిలేకుండా తిన్నగా బ్యాటరీలకే కలిపాడు. మోటారు మీద వోల్టులు రాసి అంటించిన రేకు తుప్పు పట్టి ఎప్పుడో రాలిపోయింది. పైనుంచి చూస్తే ఏ వైరు ఎంతో తెలియదు. పన్నెండు వోల్టుల మోటారుకి ఇరవై నాలుగు ఇస్తే మొదట వెర్రెత్తినట్టు పరిగెడుతుంది, తర్వాత కాలిపోతుంది.

ఒక పొద్దున ఆ పాత మోటారు పూర్తిగా బిగుసుకుపోయింది. అల్సీదిస్ పక్క పాడైంది, కడగాలి. ఇరాసి గుమ్మంలోకి వచ్చి చూస్తే ఒకపక్క ఒడిలోన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఇంకోపక్క మార్లీజీ పళ్ళు తోముకుంటోంది. ఇరాసి మార్లీజీని పిలిచింది. ఎందుకలా చేశావని తర్వాతెప్పుడో అడిగాను.

“ఒడిలోన్‌ని పిలిస్తే ముందు ఆయన మొహం భరించాలి. మార్లీజీ అయితే నవ్వుతూ వస్తుంది. ఆ పొద్దున నాకు ఎవరైనా నవ్వే మనిషి కావాల్సొచ్చింది తల్లీ,” అంది.

మార్లీజీ మోటారు విప్పి చూసి, ఇది ఇక లేవదంది. ఆమె సంచిలో కొత్త మోటారు ఉంది, పన్నెండు వోల్టులది. బిగించేముందు లైనులో ఎన్ని వోల్టులున్నాయో చూద్దామంటే ఆమె మీటరు తీగ తెగిపోయి ఉంది. లేచి ఒడిలోన్ దగ్గరికి వెళ్ళింది. జుల్మా అక్కడే గుమ్మంలో కూర్చుని మాతె బుర్రలోకి వేణ్ణీళ్ళు పోస్తోంది.

“ఒడిలోన్ గారూ, మీ మీటరు ఒక్కసారి ఇస్తారా? ఇరాసి గారి మోటారు లైను చూడాలి.”

ఆయన తలెత్తలేదు. “ఆ వైర్లు నేను లాగినవి. నా పనికి మీటరు పెట్టి చూస్తావా?”

“అయ్యో, మీ పనిని అనుమానించి కాదండీ. బస్సు ఇరవై నాలుగు కదా, అందుకని.”

“దీపాలు పన్నెండు.”

“మోటారు కూడానా?”

“పన్నెండే అన్నానుగా.”

పనివాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంటుంది. వైరు లాగినవాడు నోటితో చెప్పాక దాన్ని కొలిచి చూస్తే వాడి చెంప మీద కొట్టినట్టే. మార్లీజీ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక ఒడిలోన్ పనిముట్ల పెట్టె తెరిచి, మీటరు తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టేశాడట.

కొత్త మోటారు బిగించి స్విచ్ వేశారు. కుళాయిలోంచి నీళ్ళు ఎంత జోరుగా వచ్చాయంటే గిన్నె చేతిలోంచి ఎగిరిపడింది. మంటలార్పే బండి వచ్చినట్టుందే అని ఇరాసి మురిసిపోయింది. మార్లీజీ మాత్రం మురవలేదు. ఆ చప్పుడు ఆమెకి నచ్చలేదు. కుళాయి కట్టేసి, నేను వచ్చేదాకా తెరవకండని ఇరాసితో చెప్పి, మీటరు కోసం మా షెడ్డుకి వచ్చింది. ఆరీ దగ్గర పాతది ఒకటి ఉండాలి. ఇద్దరూ డబ్బాలు వెతుకుతున్నారు.

ఇరాసికి అంత ఓపిక ఎక్కడిది? లోపల ముసలాయన తడిలో పడున్నాడు. టబ్బు నింపుదామని కుళాయి తిప్పింది. ఆ మోటారు ఆగకుండా పరిగెత్తింది. మామూలుగా అయితే ఫ్యూజు పోయి ఆగాలి. కానీ అల్సీదిస్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, ఫ్యూజులు మాటిమాటికీ పోతున్నాయని దాని బదులు రాగితీగ చుట్టి పెట్టాడు. చాలామంది చేసే పనే. సింకు కింద ముందు కాలిన వాసన, తర్వాత పొగ, తర్వాత తెర అంటుకుంది.

ఇరాసి కేక విని మార్లీజీ మా షెడ్డులోంచి పరిగెత్తింది. పొగలోకి వెళ్ళి, అల్సీదిస్‌ని చంకల కింద పట్టుకుని, వెనక్కి నడుస్తూ మెట్ల మీదుగా లాక్కొచ్చింది. బరువైన మనిషి, ఆమె భుజం బెణికింది. అదే సమయానికి ఒడిలోన్ ముందు తలుపులోంచి దూరాడు. బ్యాటరీల మెయిన్ స్విచ్ డ్రైవర్ సీటు కింద చెక్క లోపల ఉంది. అక్కడుందని ఆయనకీ అల్సీదిస్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు. చెయ్యి పెట్టి ఆపేశాడు. తర్వాత అందరం ఇసక, తడిగోనెలు వేసి మంటలార్పాం. సింకు, తెర, కొంత చెక్క కాలిపోయాయి. కప్పు నల్లబడింది. ముసలాయన గడ్డి మీద పడుకుని దగ్గుతున్నాడు.

ఆ సాయంత్రానికి మైదానమంతా ఒకటే మాట. ఒడిలోన్ లేకపోతే ఇవాళ శవం లేచేది. ఆ పడవల మనిషి కొలవకుండా మోటారు పెట్టి కొంప తగలబెట్టింది. ఆమె దగ్గర జాలీ కడగడం నేర్చుకున్నవాళ్ళే ఆమె ఎదురైతే మొహం తిప్పుకున్నారు. ఒడిలోన్ గుమ్మం ముందు జనం. ఎవరో కోడికూర తెచ్చారు, ఎవరో ద్రాక్షసారా తెచ్చారు. ఆయన అంత మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. ఏ వైరు ఎటు పోతుందో, స్విచ్ అక్కడెందుకు పెట్టాడో చేతులు తిప్పుతూ చెప్పాడు. కూర వడ్డించుకుని తృప్తిగా తిన్నాడు. జుల్మా మాత్రం బస్సులోంచి బయటికి రాలేదు.

మర్నాడు మార్లీజీ భుజానికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఒడిలోన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

“మీరు పన్నెండు అన్నారు.”

“నువ్వు తప్పుగా విన్నావు. దీపాల సంగతి చెప్పాను.”

ఆమె వాదించకుండా వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే జుల్మా గుమ్మంలోకి వచ్చింది.

“నేనూ విన్నాను, ఒడిలోన్.”

“నువ్వు మాతె పోస్తున్నావు.”

“పోసింది చేతులతో. చెవులతో కాదు.”

“నువ్వెవరి పెళ్ళానివి?”

“నేనూ అదే ఆలోచిస్తున్నాను. లోపల ఆ మనిషి మంచం దిగలేడని నీకు తెలుసు.”

అప్పుడు ఒడిలోన్ గొంతు తగ్గింది. మోటారు ఒక్కటే కాలుతుందనుకున్నాను, ఆమె నలుగురిలో తలదించుకుంటుంది, అంతటితో సరిపోతుందనుకున్నాను అన్నాడు. మంటలు వస్తాయనుకోలేదన్నాడు. జుల్మా లోపలికెళ్ళి, దిండూ దుప్పటీ తీసుకుని ఇరాసి బస్సుకి వెళ్ళింది. మసి తుడవడానికీ, ముసలాయన్ని చూసుకోవడానికీ సాయం వెళ్ళిందని అందరూ మెచ్చుకున్నారు. అసలు సంగతి చాలాకాలానికి నాకు చెప్పింది.

ఒడిలోన్ కోరుకున్నదంతా దొరికింది. చెడిపోయినా చెడిపోకపోయినా జనం ఆయన్నే పిలుస్తున్నారు. ఆయన పని చేస్తుంటే పక్కన నిలబడి మార్లీజీని తిట్టేవాళ్ళు. మొదట్లో ఆయనా ఒక మాట కలిపేవాడు. ఆ తర్వాత ఏమీ అనకుండా తల వంచుకుని పని చేసుకునేవాడు. అప్పుడు కూడా ఆయన కడుపుమంట చల్లారలేదు. అదే విచిత్రం. ఎందుకంటే రోజూ మధ్యాహ్నం మార్లీజీ వెళ్ళి అల్సీదిస్ పక్కన కూర్చునేది. ముసలాయన ఎడమచేత్తో ఆమె చొక్కా అంచు పట్టుకుని వదిలేవాడు కాదు. ఆమె ఏదో చెబితే గొంతులోంచి నవ్వులాంటి చప్పుడు చేసేవాడు. అది ఒడిలోన్‌కి మైదానం ఇవతలికి కనిపించేది. మంటలు ఆపింది తను. ఒకప్పుడు కలిసి పాటలు పాడింది తను. ముసలాయన పట్టుకున్న చొక్కా మాత్రం ఆమెది.

ఒకరోజు ఉండబట్టలేక తనే వెళ్ళాడు. మార్లీజీ ఆ పొద్దున సామాను సర్దుకుంటోంది, వెళ్ళిపోతానని మాకు చెప్పేసింది. ఇరాసి కుర్చీ వేసి, చూడు ఎవరొచ్చారో అని భర్తతో అంది. ఒడిలోన్ మంచం పక్కన కూర్చుని, ఎలా ఉన్నావురా అని అడిగాడు. అల్సీదిస్ కళ్ళు తిప్పి ఆయన్నే చూశాడు. తర్వాత దుప్పటి కిందనుంచి ఎడమచెయ్యి బయటికి తీసి రెండు వేళ్ళు చూపించాడు. మడిచి, మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించాడు.

ఏం కావాలో అర్థం కావట్లేదు, నిన్న మార్లీజీ వచ్చి సెలవు తీసుకున్నప్పటి నుంచి నాకూ అలాగే చూపిస్తున్నాడు అంది ఇరాసి. ఒడిలోన్‌కి అర్థమైంది. ఆ మోటారు లైను లాగిన రోజు పానా అందించింది అల్సీదిసే. అది ఇరవై నాలుగని ఒడిలోన్‌తో పాటు తెలిసిన మనిషి ఈ లోకంలో అతనొక్కడే. ముసలాయన మళ్ళీ రెండు వేళ్ళు చూపించాడు, మళ్ళీ నాలుగు. అంతా చూపించి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఒడిలోన్ బయటికి వచ్చేసరికి తెల్లవ్యాను గేటు దగ్గర ఆగి ఉంది. ఆరీ గొలుసు తీస్తున్నాడు. పక్కన తొట్టి దగ్గర ఆడవాళ్ళం బట్టలు ఉతుక్కుంటున్నాం. ఒడిలోన్ గబగబా నడిచి వచ్చి వ్యాను ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి మార్లీజీ వైపు చూడలేక మావైపు తిరిగాడు.

“ఆ మోటారు లైను ఇరవై నాలుగు. ఈవిడ వచ్చి అడిగింది. మీటరు ఇమ్మంది. నేను ఇవ్వలేదు. పన్నెండే అన్నాను. తెలిసే అన్నాను.”

ఆరీ గొలుసు చేత్తోనే పట్టుకుని, ఎందుకలా చేశావు అని మెల్లగా అడిగాడు.

“మీరంతా ఆవిడ దగ్గరికి వెళ్తున్నారు,” అన్నాడు ఒడిలోన్. “ఇంకేం లేదు. అంతే.”

మార్లీజీ ఇంజను ఆపి దిగింది. ఆమె ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాం. ముసలాయన చచ్చిపోయి ఉంటే ఏం చేసేవారు అని మాత్రం అడిగింది. వెంటనే ఆమే అంది:

“ఆ బస్సులో వైర్లన్నీ మళ్ళీ లాగాలి. ఏది ఎక్కడికి పోతుందో మీకే తెలుసు. వచ్చి చెప్పండి. అది అయ్యాక నేను వెళ్తాను.”

ఆ వారమంతా ఇద్దరూ నీలం బస్సులో పనిచేశారు, తలుపు బార్లా తెరిచిపెట్టుకుని. ఆమె ఒక వైరు పట్టుకుని ఎంత అని అడిగేది. ఆయన చెప్పేవాడు. చెప్పాక ఆమె ఆయన కళ్ళెదుటే మీటరు పెట్టి కొలిచేది. ప్రతి వైరూ కొలిచింది, ఒక్కదాన్నీ వదల్లేదు. అది ఆయన మీటరే. చూసేవాళ్ళకే మొహం మాడిపోయేలా ఉండేది. ఆయన మాట మీటరుతో సరిపోయిన ప్రతిసారీ సరే అని ముందుకెళ్ళేది, అంతకు మించి ఒక్క మాటా లేదు. రాగితీగ పీకేసి మంచి ఫ్యూజు పెట్టారు. మోటారు లైనుని కూడా వోల్టులు తగ్గించే పెట్టెకి కలిపారు. వైర్లన్నిటి మీదా అంకెలు రాసి అంటించారు. పని పూర్తయిన రోజున ఒడిలోన్ జుల్మాతో అన్నాడట, పాత వైరింగు బాగా చేశారని ఒక్కసారైనా అంటుందేమో అని చూశాను, అనలేదు అని. జుల్మాకి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

మార్లీజీ మళ్ళీ అరటిపండ్ల రొట్టె చేసి అందరికీ పంచి వెళ్ళిపోయింది. మేం ఆమెని ఉండమని బతిమాలాం. మొహం తిప్పుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ బతిమాలారు. రేవుల్లో పని ఉందని నవ్వేసింది. ఒడిలోన్‌తో చెయ్యి కలపలేదు. తన ఫోను నంబరు ఒక అట్టముక్క మీద రాసి జుల్మాకి ఇచ్చింది, ఇరాసి గారి బస్సులో ఏమైనా అయితే పిలవమని. జుల్మా దిండూ దుప్పటీ తీసుకుని తన బస్సుకి తిరిగి వెళ్ళింది.

ఆ తర్వాత మైదానంలో ఎవరూ ఒడిలోన్‌ని వేలెత్తి చూపలేదు. పలకరించేవాళ్ళు, మాతె ఇచ్చేవాళ్ళు. కానీ జాలీలు ఎవరివి వాళ్ళే కడుక్కునేవాళ్ళు, వైర్లు ఎవరివి వాళ్ళే బిగించుకునేవాళ్ళు. మరీ చేతకానప్పుడే ఆయన్ని పిలిచేవాళ్ళు, పిలిచినా పక్కనే నిలబడి చూసేవాళ్ళు. ఆయన తలుపు మూయడం మానేశాడు. మరుసటి ఏడు అల్సీదిస్ నిద్రలోనే పోయాడు. శవం పక్కన ఒడిలోన్ పొద్దుపోయేదాకా కూర్చున్నాడు. ఇరాసి బస్సు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళింది. ఆ చలికాలం అయ్యాక ఒడిలోన్, జుల్మా కూడా బస్సు తీసి దక్షిణాన సరిహద్దు వైపు వెళ్ళిపోయారు.

జుల్మా అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఒడిలోన్ చేతులకి వణుకు వచ్చిందట, స్క్రూ పట్టు చిక్కడం లేదట. ఈమధ్య వాళ్ళు బస్సు నిలిపిన సరస్సు ఒడ్డుకి ఒక జంట నీళ్ళు రావడంలేదని వచ్చారు. ఆయన చెవి పెట్టి విన్నాడు, మీటరు పెట్టి చూశాడు, విప్పబోతే వేళ్ళు నిలవలేదు. అప్పుడు తనే లేచి, పర్సులోంచి ఆ నంబరున్న అట్టముక్క తీసి వాళ్ళ చేతికిచ్చాడట.

“మార్లీజీ బోఫ్ అని ఒకామె ఉంది. రేవులన్నీ తిరుగుతుంటుంది, దగ్గర్లో ఉంటే వస్తుంది. నాకంటే బాగా చేస్తుంది,” అన్నాడట.

మర్నాడు పొద్దున మాతె తాగుతూ, నిజం చెప్పు, ఆవిడ నిజంగానే నాకంటే బాగా చేస్తుందా అని అడిగాడట.

“నువ్వేమన్నావు?” అన్నాను జుల్మాతో.

“అవునన్నాను. అలిగి సరస్సు గట్టు మీదికి పోయాడు. ఇంకా రాలేదు,” అంది.